మూడు ముద్దల వ్రతం

శ్రీనాథ కవిసార్వభౌముడి చాటువులు చెప్పే రోజున మా తరగతికి ఎవరూ ఎగనామం పెట్టరు. పిల్లలకు ఆ పాఠమంటే పెళ్ళిభోజనం. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా దర్జా వెలగబెట్టినవాడు, ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నవాడు, అంతటి మహానుభావుడు పలనాడు వెళ్ళేసరికి జొన్నకూడు చూసి బావురుమన్నాడట. కన్నడదేశం వెళితే వెల్లుల్లి నమిలి అంబలి తాగవలసి వచ్చిందని అక్కడి రాజ్యలక్ష్మికే మొర పెట్టుకున్నాడట. ఈ చాటువులన్నీ ఆయన చెప్పినవేనా అనే చర్చ పండితులకు వదిలేద్దాం. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, గంట కొడతారు.

కిందటి యేడు మాత్రం గంట కొట్టకముందే నాకు చెంపదెబ్బ తగిలింది.

వెనక బల్లమీద కూర్చునే అమ్మాయి ఒకర్తె లేచి, "మేడమ్, ఆయన తిన్నంకనే తిట్టిండు గద!" అన్నది. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చెవులు వేడెక్కడం నాకు తెలుస్తూనే వున్నది. ఎందుకంటే ఆ అమ్మాయి నెలరోజుల క్రితం వాళ్ళమ్మ చేసిన సర్వపిండి స్టీలు డబ్బాలో పెట్టి నాకోసం తీసుకువచ్చింది. "అయ్యో, ఈవేళ శనివారం, నాకు ఒంటిపూటమ్మా," అని నేను డబ్బా మూత కూడా తియ్యకుండా తిరిగి యిచ్చేశాను. నిజానికి నేను ఏనాడూ శనివారం ఒంటిపూట వున్నదాన్ని కాదు.

పాఠం అయ్యాక ఆ పిల్ల వరండాలో నాకోసం నిలబడి వున్నది. "తప్పుగ అనుకోకుండ్రి మేడమ్. ఆ దినం అమ్మ అడిగింది, మనింట్ల చేసింది మేడమ్ తిన్నరా బిడ్డా అని. తిన్నరని అబద్ధం చెప్పిన," అన్నది.

నేనొక అబద్ధం ఆడితే, దాన్ని కప్పడానికి ఆ పిల్ల ఇంకొక అబద్ధం ఆడింది.

ఇప్పుడు నా కథ కొంచెం చెప్పాలి. మాది కోనసీమ. తొమ్మిదో యేట మా వూరి తీర్థంలో పునుగులు కొనుక్కు తిని, పైన ఆ కొట్టువాడు యిచ్చిన నీళ్ళు తాగి, కొన్ని వారాలకు పచ్చకామెర్లతో మంచమెక్కాను. రెండు నెలలు బడి లేదు, ఉప్పూ కారం లేవు. అమ్మ నా మంచం పక్కన కూర్చుని, "ఇంకెప్పుడైనా బయట తింటావా?" అని అడిగేది. "తిననమ్మా" అనేదాన్ని. ఆ మాట మీద ముప్ఫైయైదేళ్ళు నిలబడ్డాను సుమండీ! ఉద్యోగం చేయడానికి తెలంగాణలోని ఈ జిల్లా కేంద్రానికి వచ్చి పదిహేడేళ్ళయింది. క్యారేజీలో అన్నం, ముద్దపప్పు, మజ్జిగ. ప్రయాణమైతే పులిహోర, అరటిపండ్లు. మావారూ, మా అబ్బాయీ హోటల్లో ఏవేవో తింటూ వుంటే నేను ఇడ్లీ తెప్పించుకుని, చట్నీ పక్కకు నెట్టి కూర్చునేదాన్ని. "మీ అమ్మతో హోటలుకి వెళ్ళడమంటే ఆస్పత్రికి వెళ్ళినట్టే," అని మావారు మా అబ్బాయితో అనడం నేను చాలాసార్లు విన్నాను.

జాగ్రత్త తప్పుకాదు కదా అనుకునేదాన్ని. కాని నా జాగ్రత్తలో ఒక చిల్లు వున్నదని ఆ రాత్రి పడుకున్నాక తెలిసింది. మా బంధువుల పెళ్ళిళ్ళలో ఐదువందల మందికి వండిన వంట, ఎవరు వండారో ఎక్కడ నీళ్ళు తెచ్చారో అడక్కుండానే విస్తరి ముందు కూర్చుని తిన్నాను. అప్పుడు పచ్చకామెర్లు గుర్తు రాలేదే! నా భయం మనుషులను చూసి మరీ వస్తున్నదన్నమాట. ఇది ఒప్పుకోవడం కష్టంగానే వున్నది. అయినా ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ మీకు నీతులు చెప్పాను కనుక, ఇది కూడా చెప్పడమే న్యాయం.

ఏ శనివారం పేరు చెప్పి తప్పించుకున్నానో, ఆ శనివారమే వ్రతం పట్టాను. నియమాలు నాలుగు. వారానికొక కొత్త వంటకం గాని, కొత్త చోటు గాని. ఏదైనా సరే మూడు ముద్దలు తినాలి, మొదటి ముద్దకే మొహం చిట్లించకూడదు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పవచ్చు, అయితే తిన్న తర్వాతే. నాలుగోది, నేను శాకాహారిని, అలాగే వుంటాను. ఆ సంగతి ముందుగానే నోరు తెరిచి చెప్పాలి, దొంగ ఉపవాసాలు కల్పించకూడదు.

మొదటి శనివారం దూరం పోలేదు. మా వీధి చివర సాయంత్రం పూట ఒకావిడ పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పదిహేడేళ్ళుగా ఆ పొగలోంచే ఇంటికి వెళుతున్నాను, ఆగింది లేదు. ఆ రోజు నిలబడి చూశాను. గోధుమపిండికి వున్న సాగే గుణం జొన్నపిండికి లేదు. అందుకని మసిలే నీళ్ళు పోసి కలుపుతారు. అప్పడాల కర్రతో వత్తితే విరుగుతుంది, అరచేత్తో తట్టాలి. ఆవిడ చేయి తిరుగుతూ వుంటే రొట్టె దానంతట అదే పెరుగుతున్నట్టు వున్నది. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి, తిప్పి నిప్పుల మీద పెడితే పొంగింది. వంకాయకూరతో మూడు ముద్దలనుకున్నది రెండు రొట్టెలయింది. ఇంటికి వస్తూ, పాపం శ్రీనాథుడికి జొన్నలు అన్నంలాగా వండి పెట్టి వుంటారు, ఇలా వేడివేడి రొట్టె తట్టి పెడితే ఆ చాటువు పుట్టేదే కాదు అనుకున్నాను. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు మా కాలేజీలో జొన్నల మీద వ్యాసరచన పోటీ పెట్టి బహుమతులిచ్చిన న్యాయనిర్ణేతను నేనే. అప్పటికి నేను జొన్నరొట్టె రుచి చూసి ఎరగను!

రెండో వారం మా చరిత్ర లెక్చరరుగారితో హైదరాబాదు వెళ్ళి, చార్మినారు దగ్గర ఇరానీ హోటల్లో అడుగు పెట్టాను. ఇరాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు పెట్టిన హోటళ్ళివి. అక్కడ టీ, పాలు మనలాగా కలిపి మరిగించరు. డికాక్షను మూతపెట్టిన గుండిగలో చాలాసేపు వుడుకుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి. కప్పులో రెండూ కలుస్తాయి. ఉస్మానియా బిస్కట్టులో తీపి ముందు వస్తుందా ఉప్పు ముందు వస్తుందా అని మేమిద్దరం వాదించుకుంటూ మూడు బిస్కట్లు పూర్తి చేశాము. పక్కబల్ల దగ్గర ముసలాయన టీని సాసరులో పోసుకుని చప్పరిస్తున్నాడు. మా తాతగారు కాఫీ అలాగే తాగేవారు. నాకు ఆ కొత్త చోటు ఒక్క నిమిషంలో పాతబడిపోయింది.

మూడో వారం మోమోలు. టిబెట్టు, నేపాలు వైపునుంచి వచ్చి ఇప్పుడు మన ప్రతి వూరి సెంటరులోనూ ఆవిర్లు కక్కుతున్నాయి. చూడడానికి మన కుడుముకు సోదరి వరస. లోపల క్యాబేజీ, పైన ఎర్రని కారం. మూడు ముద్దలు తిన్నాను, నచ్చలేదు. మా అబ్బాయి, "ఒక్కసారికే తీర్పు చెప్పకమ్మా," అన్నాడు. వాడి మాటలో శాస్త్రం వున్నది. పసిపిల్లలకు కొత్త కూర నచ్చాలంటే ఎనిమిది మొదలు పదిహేనుసార్లు రుచి చూపించవలసి రావచ్చునని పరిశోధకులు చెబుతున్నారు. తల్లులు రెండుసార్లు పెట్టి, "మావాడు బీరకాయ తినడండీ," అని ప్రకటించేస్తాము. వాడు ఆ ప్రకటన విని, జన్మంతా దానికి కట్టుబడి వుంటాడు. నేను వున్నాను కదా!

నాలుగో వారం ఓడిపోయాను. ఒక బండి దగ్గర పానీపూరి తిన్నాను. ఆదివారం, సోమవారం కాలేజీకి సెలవు పెట్టాను. ఫోనులో మా అమ్మ, "నే చెప్పలేదూ!" అన్నది. ఆ గొంతులో బాధకంటే విజయమే ఎక్కువగా వినిపించింది. వ్రతం ఆపేద్దామనుకున్నాను కూడా. కాని మంచం మీద పడుకుని ఆలోచిస్తే, తొమ్మిదో యేట నన్ను పడగొట్టింది నూనెలో వేగిన పునుగు కాకపోవచ్చు, ఆ తర్వాత తాగిన నీళ్ళే అయివుండాలి అనిపించింది. పచ్చకామెర్లలో ఆ రకం కలుషితమైన నీటివల్లా, ఆహారంవల్లా వచ్చేదే. ఈ వారం నన్ను పడగొట్టింది కూడా పూరీ కాదు, అందులో పోసిన నీళ్ళే అనుకుంటాను. ముప్ఫైయైదేళ్ళు నేను భయపడవలసినదాన్ని వదిలి, పక్కదాన్ని చూసి భయపడ్డానన్నమాట.

కాబట్టి నాలాంటి పిరికి సోదరీమణులకు అనుభవం మీద నాలుగు మాటలు. కళ్ళముందు కాగి, పొగలు కక్కుతూ వచ్చేది తినండి. జనం ఎక్కువగా వుండే చోట సరుకు నిలవ వుండదు, అక్కడికి వెళ్ళండి. వండిన పదార్థం మామూలు వేడిలో రెండు గంటలు దాటి వుండకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది, ముఖ్యంగా ఉదయం రుబ్బిన కొబ్బరి చట్నీని సాయంత్రం నమ్మకండి. కోసి పెట్టిన పండ్లు, ఐసుముక్కలు, ఊరూపేరూ లేని నీళ్ళు వద్దు. 2006లో వచ్చిన ఆహారభద్రతా చట్టం కింద హోటలువాళ్ళు పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు గోడమీద కనబడేలా పెట్టాలి, ఒకసారి తలెత్తి చూడండి. ఇన్ని చూసుకున్నాక కూడా కాలు వెనక్కి పడితే, అది జాగ్రత్త కాదు, మరేదో అని తెలుసుకోండి.

ఇంకొక సంగతి. మనం అనాదిగా మనవే అనుకునే రుచులు ఒకప్పుడు పరాయివే. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, వాస్కోడిగామా 1498లో దారి కనిపెట్టిన తర్వాత పోర్చుగీసువారి ఓడల్లో మనకు వచ్చింది. అంటే శ్రీనాథుడి విస్తట్లో మిరియం ఘాటే తప్ప మిరపకాయ కారం లేదు. బంగాళాదుంప, టమాటా, జామ, బొప్పాయి, జీడిమామిడి, వేరుశనగ, అన్నీ అలా సముద్రం దాటి వచ్చినవే. ఆవకాయ లేనిదే ముద్ద దిగదనే మనం, మొట్టమొదట ఆ ఎర్రకాయను కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్న పూర్వీకురాలికి ఎంత రుణపడి వున్నామో చూడండి. ఆవిడ కూడా నాలాగా, "ఈవేళ ఒంటిపూట," అని తప్పుకుని వుంటే?

ఆరో శనివారం ఆ అమ్మాయిని పిలిచి, "మీ యింటికి రావచ్చునా?" అని అడిగాను. అడగడానికి అన్ని వారాల సాధన కావలసి వచ్చింది. ఆ పిల్ల మొహం ముందు వెలిగింది, వెంటనే కంగారుపడింది. "మా యిల్లు చిన్నది మేడమ్," అన్నది.

ఊరికి చివర రెండు గదుల యిల్లు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, "తింటరో తినరో అని బుగులు వడ్డ మేడమ్. మీరు కూరగాయలే తింటరని బిడ్డ చెప్పింది, అందుకే కొత్త గంజు తెచ్చిన," అన్నది. పొయ్యి మీద గంజు తళతళలాడుతున్నది, అంటించిన చీటీ మరక ఇంకా పూర్తిగా పోలేదు. నాకోసం, నేను వస్తానో రానో తెలియకుండా, కూలి డబ్బులతో కొన్నది. నేను మాట్లాడలేకపోయాను.

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి కలిపి, ఆ గంజు లోపలి గోడలకు పలచగా వత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కొక్క చిల్లులో నూనె చుక్క వేసి మూత పెట్టింది. కాసేపటికి ఇల్లంతా వాసన. అప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. మా వైపు అటువంటిదాన్నే తపాలచెక్క అంటారు. మా అమ్మమ్మ కూడా అచ్చు అలాగే వేలితో చిల్లులు పెట్టేది, అడుగున మాడిన పెళుసు ముక్క నాకోసం దాచేది. ముప్ఫైయైదేళ్ళు కొత్త రుచి అని భయపడి, డబ్బా మూత తియ్యకుండా తిప్పి పంపినది మా అమ్మమ్మ వంటే!

పచ్చిపులుసు కూడా పోశారు. అది నాకు ఎంతో నచ్చింది. ఎల్లిపాయ కారం మాత్రం మూడో ముద్దకు కళ్ళు తిరిగాయి. "నచ్చింది కాని నా నోటికి బలమెక్కువ," అని ఉన్నమాట చెప్పాను. అందరూ నవ్వారు. ఉన్నమాట చెబితే ఎవరూ నొచ్చుకోరని ఈ వయస్సులో తెలిసింది.

తింటూ వుండగా అమ్మాయి నాయనమ్మ మంచం మీదినుంచి, ఏదో వాన సంగతి చెప్పినట్టుగా చెప్పింది. "మా చిన్నప్పుడు చాయ్ హోటల్ల మాకు లోపటికి రానియ్యకపోదురు. మా గిలాసలు గోడకాడ బయట వుంటుండె. తాగి మేమే కడిగి పెడుతుంటిమి." ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు ముద్ద దిగలేదు.

1950లో వచ్చిన రాజ్యాంగంలో పదిహేనవ అధికరణం హోటళ్ళలోకి, దుకాణాల్లోకి కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదన్నది. పదిహేడవది అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో శిక్షలతో చట్టమూ వచ్చింది. ఇవన్నీ నాకు తెలుసు, పిల్లలకు చెబుతాను కూడా. కాని గోడదగ్గర గ్లాసు కడిగి పెట్టిన మనిషి యింటినుంచి వచ్చిన డబ్బా, మూత తియ్యకుండా వెనక్కి వెళితే, ఆ యింట్లో ఏమనుకుంటారు? మేడమ్‌గారికి చిన్నప్పుడు పచ్చకామెర్లు వచ్చాయి పాపం అనుకుంటారా? నా మనస్సులో భయం వున్నదో, మరొకటి వున్నదో వాళ్ళకు కనబడదు. వద్దన్న చేయి ఒక్కటే కనబడుతుంది. తినకపోవడానికి ఎన్ని కారణాలైనా వుండవచ్చు, కారణం నోరు తెరిచి చెప్పకపోతే వాళ్ళకు తెలిసిన పాత కారణమే వాళ్ళకు వినబడుతుంది.

వచ్చేటప్పుడు అదే స్టీలు డబ్బాలో నాలుగు సర్వపిండి ముక్కలు పెట్టి యిచ్చారు. మావారు రెండు, మా అబ్బాయి రెండు తినేశారు. మా అమ్మకు ఫోనులో చెబితే కాసేపు పలకలేదు. తర్వాత, "అడుగు బాగా మాడనిచ్చారా?" అని మాత్రం అడిగింది.

తీసుకున్న గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మన పెద్దలంటారు. సోమవారంనాడు కొబ్బరి బూరెలు వండి ఆ డబ్బాలో పెట్టి పంపించాను. పంపించానే గాని ఆ రోజంతా నాకు పాఠం మీద ధ్యాస లేదు. వాళ్ళు తింటారో తినరో!

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి వున్నది. "అమ్మ తిన్నదా?" అన్నాను.

"మూడు ముక్కలు తిన్నది మేడమ్. తీపి జర ఎక్కువున్నదట," అని నవ్వింది. "అయినా ఇంకో రెండుసార్లు తింటే అలవాటైతదట."